జీతం లేని గవర్నర్‌గిరీ: నాలుగేళ్లు చేశాక నా రివ్యూ

గవర్నర్‌నయ్యానని ఫోన్‌లో చెబితే మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "కారు ఇస్తారా?" అని అడిగింది. ఇది స్కూల్ గవర్నర్ పదవి, కారు లేదు, బంగళా లేదు, జీతం కూడా లేదమ్మా అన్నాను. "మరి ఎందుకే నీకు?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ల పదవీకాలం 2025 అక్టోబరులో అయిపోయింది కాబట్టి ఇప్పుడు కొంత చెప్పగలను. వాషింగ్ మెషీన్ కొన్న వారానికే ఐదు నక్షత్రాలు ఇచ్చేసేవాళ్లని నేను నమ్మను. అందుకే దీన్ని పూర్తిగా వాడాకే రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఉంటూ, పిల్లల బ్యాగులో "పేరెంట్ గవర్నర్ కావాలి" అన్న ఉత్తరం వస్తే ఇదేం గొడవ అని పక్కన పడేసినవాళ్ల కోసం ఇది.

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే మిగతా సోదంతా.

ఇక్కడ ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ స్కూల్‌కైనా పైన ఒక బోర్డు ఉంటుంది. మాది కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) కింద ఉన్న ప్రైమరీ స్కూల్. అలాంటి చోట బోర్డులో కనీసం ఏడుగురు ఉండాలని రూలు. అందులో తల్లిదండ్రులు ఓటేసి ఎన్నుకున్నవాళ్లు ఇద్దరు, స్టాఫ్ ఎన్నుకున్న ఒకరు, కౌన్సిల్ సూచించిన ఒకరు, హెడ్‌టీచర్. మిగతావాళ్లని బోర్డే చూసి చేర్చుకుంటుంది. మా బోర్డులో పన్నెండు మందిమి. దేశం మొత్తం మీద ఇలా ఊరికే పనిచేసేవాళ్లు రెండున్నర లక్షల దాకా ఉంటారు. పని మూడు ముక్కలు: స్కూల్ ఎటు వెళ్లాలో తేల్చడం, పిల్లల చదువు గురించి హెడ్‌టీచర్‌ని జవాబు అడగడం, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందా చూడటం. స్కూల్‌ని నడపడం ఈ మూడింట్లో లేదు. ఈ ఒక్క సంగతి నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

తల్లిదండ్రులకి ఈ కుర్చీ ఎప్పుడూ ఉన్నది కాదట. 1977లో టేలర్ కమిటీ అడిగితే, 1980 చట్టంలో వచ్చింది. 1988 చట్టంతో బడ్జెట్ కూడా స్కూళ్ల చేతికే వచ్చింది. దాంతో గవర్నర్ల ముందు కాగితాల గుట్ట పడింది.

ఆ గుట్ట గురించే నా మొదటి ఫిర్యాదు. మీటింగ్ పేపర్లు ఏడు రోజుల ముందు పంపాలని రూలు స్పష్టంగా ఉంది. నా మొదటి మీటింగ్‌కి ముందు రోజు రాత్రి తొమ్మిదీ నలభైకి వచ్చాయి. నూట ముప్ఫై పేజీలు. బాబుని పడుకోబెట్టి, టీ పెట్టుకుని మొదలుపెడితే అన్నీ పొడి అక్షరాలే: ఎస్‌ఎఫ్‌వీఎస్, కేసీఎస్‌ఐఈ, ఎఫ్‌ఎస్‌ఎం, ఇంకా బోలెడు. పన్నెండున్నరకి మా ఆయన నిద్రలేచి వచ్చి చూసి, "ఆఫీసు పనికి కూడా నువ్వింత చదవలేదు" అన్నాడు. మర్నాడు సాయంత్రం జూమ్‌లో రెండున్నర గంటలు కూర్చుని నేను మాట్లాడింది రెండే మాటలు: హలో, బై. తర్వాత చాలాసార్లు ఈ ఆలస్యం గురించి అడిగాం, కొన్నాళ్లు బాగుపడింది, మళ్లీ మొదటికొచ్చింది. అర నక్షత్రం ఇక్కడే కట్.

ట్రైనింగ్‌కి ఇంకో అర. మా స్కూల్ డబ్బు కట్టి కొనుక్కున్న సర్వీస్ అది. కొత్త గవర్నర్లకి రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు. స్లైడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదివారు. చదవడం మాకూ వచ్చు కదా. గవర్నర్ అంటే "క్రిటికల్ ఫ్రెండ్" అని ఆరుసార్లు చెప్పారు కానీ, స్నేహితుడిలా ఉంటూనే నిలదీయడం ఎలాగో ఒక్కసారీ చూపించలేదు. పిల్లల రక్షణ మీద పెట్టిన సెషన్ మాత్రం వేరే లెవెల్. గవర్నర్లందరికీ అది తప్పనిసరి అని 2022 సెప్టెంబరు నుంచి రూల్లోనే రాశారు. ఒక పిల్లవాడు వరసగా సోమవారాలు రాకపోతే ఎవరు గమనించాలి, ఎవరికి చెప్పాలి, ఎక్కడ రాయాలి అని కథలా విడమరిచి చెప్పారు. ఆ తర్వాత హాజరు పట్టీ చూసే నా చూపే మారిపోయింది.

ఇప్పుడు ఈ పదవిలో నాకు నచ్చినదానికి వస్తాను. ఒక్క ప్రశ్న కథ.

2022 జూన్‌లో ఇయర్ ఫోర్ (ఎనిమిది, తొమ్మిదేళ్ల) పిల్లలకి ఎక్కాల పరీక్ష మొదటిసారి తప్పనిసరి అయింది. స్క్రీన్ మీద ఇరవై ఐదు లెక్కలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు, పన్నెండో ఎక్కం దాకా. మనం ఎక్కాలు నిద్రలో లేపినా అప్పజెప్పే జాతి కాబట్టి, ఎజెండాలో ఆ లైను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హెడ్‌టీచర్ రిపోర్టులో "ఫలితాలు బాగున్నాయి" అని ఒక వాక్యం, కింద క్లాసు సగటు. అందరూ తలలూపారు. నేను ఉద్యోగం చేసేది పేరోల్‌లో. సగటు అంటే నాకు అనుమానం. మేనేజర్ జీతం, క్లీనర్ జీతం కలిపి సగటు తీస్తే ఇద్దరిలో ఎవరికీ రాని జీతం తేలుతుంది. చెయ్యెత్తి, "ఫ్రీ మీల్స్ తీసుకునే పిల్లల సగటు ఎంత?" అని అడిగాను. అంటే ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలు. గొంతు కాస్త వణికింది కూడా. ఒక కుర్చీ కిర్రుమంది. "ఆ లెక్క ఇప్పుడు నా దగ్గర లేదు, వచ్చే మీటింగ్‌కి తెస్తాను" అన్నారు హెడ్‌టీచర్. క్లర్క్ ఏదో టైప్ చేసింది.

తెచ్చారు. పధ్నాలుగు మంది పిల్లలు, మిగతావాళ్లకంటే సగటున ఆరేడు మార్కులు తక్కువ. అసలు సంగతి క్లాస్ టీచర్ కనిపెట్టింది. ఎక్కాల ప్రాక్టీస్ అంతా ఇంటి దగ్గర, ఒక యాప్‌లో చేయమని ఇచ్చారు. ఆ ఇళ్లలో కొన్నింట్లో ఉన్నది ఒకే ఫోన్, అది సాయంత్రం అమ్మతో పాటు డ్యూటీకి వెళ్లిపోతుంది. పిల్లలకి ఎక్కాలు రాకపోవడం కాదు, ఆరు సెకన్లలో స్క్రీన్ మీద నొక్కడం అలవాటు లేదు. ఆ పిల్లల కోసమే స్కూల్‌కి అదనంగా వచ్చే డబ్బు ఒకటుంది, ప్యూపిల్ ప్రీమియం అంటారు. 2024-25లో ప్రైమరీ పిల్లకి ఏడాదికి 1,480 పౌండ్లు. దాంట్లోంచి పొద్దున క్లాసుకి ముందు పావుగంట స్కూల్ ట్యాబ్లెట్ల మీద ప్రాక్టీస్ పెట్టారు. మరుసటి జూన్‌లో, మావాడూ రాసిన ఏడాది, తేడా సగానికి తగ్గింది. పోలేదు, తగ్గింది.

ఇందులో నేను చేసింది అడగడమొక్కటే. నన్ను చెయ్యమని ఉంటే ఏం చేసేదాన్నో చెప్పనా? రోజూ పొద్దున్నే అందరినీ నిలబెట్టి గట్టిగా ఎక్కాలు వల్లె వేయించేదాన్ని. మనసులో ఆ ప్లాన్ రెడీగా ఉంది కూడా. ఫోన్ సంగతి బయటికొచ్చేదే కాదు. గవర్నర్లు స్కూల్‌ని నడపకూడదు అనే రూలు ఎందుకుందో నాకు ఏ ట్రైనింగూ ఇంత బాగా చెప్పలేదు.

ఫ్రీ మీల్స్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. రిసెప్షన్ (స్కూల్లో మొట్టమొదటి క్లాసు) నుంచి ఇయర్ టూ దాకా పిల్లలందరికీ 2014 నుంచి మధ్యాహ్న భోజనం ఫ్రీ. దాంతో నిజంగా అర్హత ఉన్న కుటుంబాలు కూడా "ఎలాగూ పెడుతున్నారుగా" అని ఫారం నింపరు. ఫారం నింపకపోతే స్కూల్‌కి ఆ ప్రీమియం రాదు. మనవాళ్లలో అయితే "ఫ్రీ" అన్న మాట దగ్గరే పరువు అడ్డొస్తుంది. ఈ మెలిక నేను గవర్నర్‌ని కాకపోతే నాకు తెలిసేదే కాదు.

స్కూల్‌కి వెళ్లి చూసి రావడం కూడా పనిలో భాగమే, టర్మ్‌కి ఒకసారి. ఇన్‌స్పెక్షన్ కాదు అది. టీచర్ పాఠం ఎలా చెబుతోందో మార్కులు వేయడం మన పని కాదు. మొదటిసారి ఇయర్ వన్ క్లాసులో చిన్న కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. పక్కన ఒక పిల్ల పెన్సిల్‌ని పిడికిలిలో గరిటెలా పట్టుకుని "షిప్" అని రాస్తోంది. ఎస్ తిరగేసింది. నా చెయ్యి దానంతట అదే ఆ పిల్ల వేళ్ల వైపు వెళ్లింది. సగం దూరంలో ఆపి, ఒళ్లో పెట్టుకున్నాను. నేను వచ్చింది ఆ క్లాసులో ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతి) ప్లాన్ కాగితం మీద ఉన్నట్టే జరుగుతోందా అని చూడటానికి. జరుగుతోంది. ఐదు నిమిషాల తర్వాత టీచింగ్ అసిస్టెంట్ వచ్చి ఆ వేళ్లని సరిచేసింది.

ఆ అసిస్టెంట్ దగ్గరే నా బాధ మొదలైంది. 2023లో బడ్జెట్ లోటు. వంద పౌండ్లు వస్తే ఎనభై పైచిలుకు జీతాలకే పోతున్నాయి. పేరోల్ మనిషిని కాబట్టి ఫైనాన్స్ కమిటీలో వేశారు, ఆ షీట్ లైను లైనుగా చూశాను. కరెంటు బిల్లు తగ్గించలేం, పైకప్పు కారుతోంది, పిల్లల సంఖ్య తగ్గితే వచ్చే డబ్బూ తగ్గింది. చివరికి ఇద్దరు అసిస్టెంట్ల కాంట్రాక్టులు కొనసాగించకూడదని తేలింది. చేతులెత్తి ఓటేశాం. నేనూ ఎత్తాను. అందులో ఒకామె మావాడు రిసెప్షన్‌లో ఉన్నప్పుడు రోజూ వాడి షూ లేసులు కట్టిన మనిషి. ఆ విషయం ఇంట్లో కూడా చెప్పకూడదు, మీటింగ్‌లో గోప్యం అన్నది గోప్యమే. మర్నాడు గేటు దగ్గర ఆమె నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మూడు రోజులు అన్నం సయించలేదు. మిగిలిన అర నక్షత్రం దీనికి తీసేశాను. న్యాయంగా చూస్తే అది పదవి తప్పు కాదు, ప్రభుత్వం ఇచ్చే డబ్బు తప్పు. కానీ రివ్యూ నాది.

గేటు అంటే ఇంకో తలనొప్పి. మనవాళ్లలో గవర్నర్ అన్న మాట పాకగానే సిఫార్సులు మొదలయ్యాయి. "అక్కా, మా పాపని ఆ టీచర్ క్లాసులోంచి మార్పించవా, నువ్వొక్క మాట చెబితే అయిపోతుంది" అని ఒకమ్మాయి. "అడ్మిషన్‌కి కాస్త చెప్పి పెట్టండి" అని ఇంకొకరు, మా ఆయన ద్వారా. ఎంత చెప్పినా నమ్మరు. పేరెంట్ గవర్నర్ అంటే బోర్డులో ఉన్న ఒక పేరెంట్, అంతే, పేరెంట్లందరి తరఫు వకీలు కాదు. పైగా ఫిర్యాదు వివరాలు ముందే నా చెవిన వేస్తే, రేపు అది నిజంగా గవర్నర్ల కమిటీ ముందుకొచ్చినప్పుడు నేను కూర్చోవడానికి పనికిరాను. అందుకని ఒక వాక్యం బట్టీ పట్టాను: "ముందు క్లాస్ టీచర్‌ని అడగమ్మా, తర్వాత ఆఫీసులో రాసివ్వు." ఆ అమ్మాయి నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

సెలవుల సంగతి కూడా అంతే. టర్మ్ మధ్యలో అనుమతి లేకుండా పిల్లల్ని ఊరికి తీసుకెళితే పడే జరిమానా 2024 ఆగస్టు నుంచి 80 పౌండ్లు. అదీ పిల్లకి ఒకటి, తల్లికీ తండ్రికీ విడివిడిగా. ఇరవై ఒక్క రోజుల్లో కట్టకపోతే 160. నవంబరులో మా పిన్ని కూతురి పెళ్లి. హాజరు తగ్గుతోందని బోర్డులో గట్టిగా అడిగింది నేనే. గవర్నర్ గారి కొడుకే ఎగ్గొడితే ఏం బాగుంటుంది? పెళ్లి వీడియో కాల్‌లో చూశాను. పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంది.

2025 మార్చిలో ఒక సోమవారం పొద్దున బోర్డు చైర్ దగ్గర్నుంచి మెసేజ్: రేపు, ఎల్లుండి ఆఫ్‌స్టెడ్. స్కూళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ అది. టెన్షన్ మామూలుగా లేదు. స్కూల్ మొత్తానికి ఒకే మాటతో తీర్పు ఇచ్చే పద్ధతి 2024 సెప్టెంబరులోనే పోయింది, కానీ గుండె దడకి ఆ సంగతి తెలియదు కదా. మంగళవారం మధ్యాహ్నం నలుగురు గవర్నర్లం ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చున్నాం. నేను అంకెలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆమె అంకెలు అడగలేదు. ఈ స్కూల్‌లో బలహీనత ఏమిటి అని అడిగింది. చెప్పాం. అది మీకెలా తెలుసు అని అడిగింది. హెడ్‌టీచర్ చెప్పారు అంటే సరిపోదని ఆమె ముఖమే చెబుతోంది. అప్పుడు ఎక్కాల కథ చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే, "అవును, మినిట్స్‌లో చదివాను" అంది.

క్లర్క్ ఆ రోజు టైప్ చేసిన వాక్యం అది. బోర్డుకి క్లర్క్ ఉండి తీరాలి, ఆ మనిషి గవర్నర్ అయి ఉండకూడదు, హెడ్‌టీచర్ అసలే కాకూడదు. మాకు దొరికినామె మాట్లాడేది తక్కువ. ఎవరైనా గవర్నర్ అడిగిన ప్రశ్న పక్కన చిన్న గుర్తు పెట్టేది. జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్నని ప్రతి మీటింగ్‌లోనూ మళ్లీ ఎజెండా మీదికి తెచ్చేది. "తర్వాత చూద్దాం" అన్న మాటతో ఎన్ని మీటింగుల్లో ఎన్ని విషయాలు చల్లగా చచ్చిపోతాయో మనకి తెలియనిదా? ఆమె ఉండగా అలా ఒక్కటీ చావలేదు. మూడో ఏడాది ఆమె ఆరు నెలలు సెలవులో వెళితే మా బోర్డు పెళ్లి పందిట్లో కబుర్లలా తయారైంది. ఈ సర్వీస్ మొత్తంలో ఐదుకి ఐదు ఇచ్చేది ఆ కుర్చీకే.

టైమ్ ఎంత పడుతుందని అందరూ అడుగుతారు. ఏడాదికి కనీసం మూడు బోర్డు మీటింగులని రూలు, మాకు ఆరు జరిగేవి. కమిటీలు, విజిట్లు, చదువుకోవడం కలిపి నాకు నెలకి ఆరేడు గంటలు పట్టింది. హెడ్‌టీచర్ పనితీరు చూసే ప్యానెల్‌లో ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. కౌన్సిల్ స్కూల్ గవర్నర్‌కి ఈ పని కోసం తగినంత టైమ్ ఇవ్వాలని ఉద్యోగ చట్టంలో ఉంది, ఆ గంటలకి జీతం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. మా మేనేజర్‌కి ఇది తెలియదు, నేనే చూపించాను. మీటింగ్ టైమ్‌లో పిల్లల్ని చూసుకోవడానికి అయ్యే ఖర్చు బోర్డు పాలసీ ఉంటే తిరిగిస్తారు. అడగడానికి మొహమాటపడకండి, నేను రెండేళ్లు మొహమాటపడ్డాను.

ఎన్నికకి నిలబడే ముందు ఒకటి మాత్రం చూసుకోండి: మీ స్కూల్ కౌన్సిల్ కింద ఉందా, అకాడమీ ట్రస్ట్ (కౌన్సిల్ కింద కాకుండా ప్రభుత్వ డబ్బుతో స్కూళ్లు నడిపే సంస్థ) కింద ఉందా. పెద్ద ట్రస్టుల్లో అసలు అధికారం పైనున్న ట్రస్టీలది. స్కూల్ స్థాయి కమిటీకి వాళ్లు రాసిచ్చినంత అధికారమే ఉంటుంది. ఆ కాగితం వెబ్‌సైట్‌లో ఉంటుంది, అది చదవకుండా ఫారం నింపొద్దు. బడ్జెట్, హెడ్‌టీచర్ నియామకం రెండూ పైవాళ్ల దగ్గరే ఉంటే, మీరు వెళ్లి టీ తాగి రావడమే కావచ్చు.

మావాడు సెప్టెంబరులో సెకండరీకి వెళ్లాడు. అక్టోబరులో నా చివరి మీటింగ్. నీలం తాడుతో ఉన్న గవర్నర్ బ్యాడ్జి ఆఫీసులో ఇచ్చేసి వస్తుంటే గేటు దగ్గర, పాపని వేరే క్లాసుకి మార్పించమన్న ఆ అమ్మాయి కనిపించింది. చేతిలో నామినేషన్ ఫారం.

"అక్కా, పేపర్లు నిజంగా ఏడు రోజుల ముందే పంపుతారా?"

"పంపరు," అన్నాను. "మొదటి మీటింగ్‌లో నువ్వే అడుగు."